యాకయ్యా, బర్రె

వరంగల్ వెంకట్రాజం సేటుకు భయం. దేనికి భయమని అడిగితే పొద్దు గూకేదాకా చెప్పాలి. దేనికి కాదని అడిగితే చప్పున చెప్పొచ్చు: నేల మీద నిలబడి ఉన్నంతసేపు దేనికీ భయం లేదు. కారెక్కితే మాత్రం బర్రెకు భయం, బర్రె తోలే మనిషికి భయం, సైకిలుకు భయం, సైకిలు వెనక కట్టిన పాలక్యానుకు భయం, గాలికి దొర్లుకుంటూ వచ్చే ఎండుటాకుకు కూడా భయం.

భయస్తులు లోకంలో కొత్త కాదు. రైలెక్కిన దగ్గర్నుంచి దిగేదాకా ఆపే గొలుసు వంకే చూసేవాళ్లు నాసిక్‌లో ఉన్నారు, నాగపట్నంలోనూ ఉన్నారు. ఇంటికి తాళం వేసి, వీధి మలుపు దాకా పోయి, మళ్లీ వచ్చి తాళాన్ని లాగి చూసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ నలుగురుంటారు. ఓడరేవు ఊళ్లలో ఈత వచ్చి కూడా పడవెక్కనివాళ్లు తగులుతారు. కానీ సొంత కారు ముందు ఎర్ర తువ్వాల పట్టుకున్న మనిషిని నడిపించి, ఆ మనిషి వెనకాల అదే నడకతో కారును ఊరేగించిన భయస్తుడు వరంగల్‌కు తప్ప ఇంకే ఊరికీ దక్కలేదు.

సేటుది ధాన్యం మార్కెట్లో అడ్తి దుకాణం. పల్లెల నుంచి రైతులు తెచ్చిన మిర్చి, పసుపు కుప్పల ముందు నిలబడి పాట పెట్టి అమ్మించడం పని. అందుకని గొంతు పెద్దది. పొట్టి మనిషి, చొక్కా నిండా మిర్చి దుమ్ము, పక్కన నిలబడ్డవాళ్లకు తుమ్ములు. వయసులో ఉన్నప్పుడు ములుగు అడవిలోంచి మిర్చి బస్తాల లారీ మీద, బస్తాల పైన వెల్లకిలా పడుకొని, పాటలు పాడుకుంటూ వచ్చేవాడని మార్కెట్లో పెద్దలు చెప్పేవారు. అట్లాంటివాడు ఇట్లా ఎందుకైనాడయ్యా అంటే, "కారు కొన్నడు గద, ఆస్తి వచ్చినంక భయం రాదా" అని తేల్చేవారు.

ఆ కారు నడిపినవాడు యాకయ్య. సేటు భయం ఊరందరికీ తెలుసు. యాకయ్య భయం ఆయన భార్య సమ్మమ్మకు ఒక్కదానికే తెలుసు.

*

కారు హంబర్. హనుమకొండలో డాక్టర్ రాజేశ్వర్ రావు గారు పెద్ద చదువుకు ఇంగ్లండు పోయి, తిరిగి వస్తూ పట్టాతో పాటు ఓడలో వేయించుకొని తెచ్చుకున్నది. చిక్కటి ఆకుపచ్చ రంగు, ముందు వెండిలా మెరిసే జాలీ, లోపల అక్రోటు చెక్క, తోలు సీట్లు. ముందు సీటు బల్లలాగా ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే. ఇరవై ఏళ్లు గడిచినా షోరూం నుంచి నిన్న దిగినట్టుండేది. అదంతా యాకయ్య చేతి చలవ. పొద్దున మెత్తటి గుడ్డ, సాయంత్రం ఇంకా మెత్తటి గుడ్డ, చెక్కకు కొబ్బరినూనె, వానాకాలం ఇంజను మీద పాత బొంత. పెళ్లయిన కొత్తలో సమ్మమ్మ అడిగింది కూడా: "నన్నెప్పుడన్న గంత మంచిగ సూసినవా?"

1976లో డాక్టరు గారు ప్రాక్టీసు మానేసి, చల్లగా ఉంటుందని బెంగుళూరు వెళ్లిపోతూ కారు అమ్ముతానన్నారు. ఆ రోజు నుంచి యాకయ్యకు అన్నం సయించలేదు. రెండేళ్లుగా ఆయన కళ్లలో మంచు పడుతున్నది. మొదట ఎండాకాలం దుమ్మనుకున్నాడు. తరువాత అద్దం మసకబారిందనుకొని ఆ అద్దాన్ని తుడిచి తుడిచి వేళ్లు అరగదీసుకున్నాడు. చివరికి మంచు అద్దంలో లేదని తెలిసింది. డాక్టరు గారు అప్పటికే గడప దాటడం తగ్గించారు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

"దవాఖానల సూపిచ్చుకో" అన్నది సమ్మమ్మ.

"మా చిన్నాయిన సూపిచ్చుకోలేదా? పొర తీస్తనని జాతరల ఒకడు సూది వెట్టిండు. పొరతోని కన్నుగూడ పోయింది. అయినా కండ్లు కనవడని డ్రైవరని ఒక్కసారి పేరు వడ్డదంటె నన్నెవ్వడు బండి ముట్టనిస్తడు? ఆ బండి లేకుంటె నేనేందే?"

సమ్మమ్మ ఆయన ముట్టని అన్నం గిన్నె మీద మూత పెట్టింది.

కారు చూడ్డానికి మొదట సినిమా హాలు యజమాని ఒకాయన వచ్చాడు. కారుకు ఎర్ర రంగు వేయిస్తానన్నాడు. పైన రెండు మైకులు కట్టి ఊరంతా సినిమా ప్రచారానికి తిప్పుతానన్నాడు. నడపడానికి తన మేనల్లుడు ఉన్నాడన్నాడు. యాకయ్య కారు వెనక్కి పోయి, లేని మరకను చాలాసేపు తుడిచాడు.

మర్నాడు ఇద్దరు వచ్చారు. ఒకరు ఆరడుగుల మనిషి, గంజి పెట్టిన తెల్లటి ధోవతి, తెల్లటి తలపాగా. రెండోది ఎర్రటి దుమ్ము ముద్దలాంటి ఆకారం. యాకయ్య మంచులోంచి తెల్లగా కనిపించిన దాని దగ్గరికి పోయి నడుం వంచి, "దండాలు సేటూ" అన్నాడు.

ఆరడుగుల మనిషి తన వెనక ఎవరున్నారోనని తిరిగి చూశాడు. ఆయన కట్టయ్య, సేటు దుకాణంలో బస్తాలు మోసే హమాలీ. మేనకోడలి పెళ్లి నుంచి అట్లాగే వచ్చాడు. డాక్టరు గారు పడీ పడీ నవ్వారు. కట్టయ్య కూడా నవ్వాడు. "నాకు దండం వెట్టినోడు పుట్టినంక ఇదే మొదలు" అన్నాడు. యాకయ్య చెమటలు కక్కుతూ, "బట్టలు సూసి మోసవోయిన సేటూ" అని సర్దుకున్నాడు.

సేటు ఒక్కడే నవ్వలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. యాకయ్య చుట్టూ కూడా ఒకసారి తిరిగాడు. జాలీ మీద వేలు రాసి చూసుకుంటే వేలికి ఏమీ అంటలేదు.

"డాక్టర్ సాబ్, బండి మంచిగున్నది. కాని నాకు బండ్లంటె జర భయం" అన్నాడు.

"మరి ఎందుకు కొంటావయ్యా?"

"భయం వోవాలె గద. ఒక్కటే షరతు. రంగు గిదే ఉండాలె, డ్రైవరు గీ యాకయ్యనే ఉండాలె. ఆయన రాకుంటె నాకు బండొద్దు."

యాకయ్యకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో ఉన్న కాస్త చూపు కూడా పోయింది. సేటు పాదాలనుకొని ముందు టైరుకు మొక్కాడు.

*

హనుమకొండ నుంచి వరంగల్‌కు ఆరు కిలోమీటర్లు. కారు ఇంటికి చేరడానికి రెండు గంటలు పట్టింది. సేటు నియమాలు ఆ రోజే మొదలైనాయి.

మొదటి నియమం, సేటు వెనక కూర్చోడు. వెనక కూర్చుంటే తోవ కనబడదు, భయం. కారున్న సేట్లందరూ వెనక సీట్లో కాలు మీద కాలేసుకొని కూర్చునే ఊళ్లో వెంకట్రాజం సేటు డ్రైవరు పక్కన, ముందుకు వంగి, ముక్కు అద్దానికి ఆనించి కూర్చునేవాడు.

రెండో నియమం, కట్టయ్య ముందు నడవాలి. చేతిలో ఎర్ర తువ్వాల. దారి బాగుంటే తువ్వాల భుజాన, బాగాలేకపోతే గాల్లో. "బస్తా మోసుడే నయముండె. బస్తా వెనక నుంచి హారను కొట్టది" అనేవాడు కట్టయ్య.

మూడోది, దీపాలు పెట్టేవేళకు కారు కొట్టంలో ఉండాలి. చీకటంటే భయం. నాలుగోది, కదిలే ముందు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. రోజూ. సేటు భార్య భద్రమ్మకు ఈ నియమం మీద కోపం. "కారు వచ్చిన కాడికెల్లి ఈ ఇంట్ల పులిహోర లేదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది.

అయిదోది సేటు నోరు. కారు కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా ఆ నోరు ఆగేది కాదు. పసుపు కుప్ప ముందు పాట పెట్టే గొంతుతో కనబడ్డ ప్రతిదాన్నీ పిలిచి చెప్పేవాడు.

"యాకయ్యా, బర్రె."

"సూసిన సేటూ."

"ఎడమకు. యాకయ్యా, సైకిలు. వెనక గడ్డిమోపు."

"సూసిన సేటూ."

"యాకయ్యా, మేక. ఆగు, మేక కాదు, మేకను పట్టుకున్న ముసలమ్మ. అమ్మ గూడ ఆగింది. నడువు."

యాకయ్య ఏదీ చూడలేదు. సేటు బర్రె అన్నప్పుడు బర్రె ఉన్నట్టు, సైకిలు అన్నప్పుడు సైకిలున్నట్టు నమ్మి చక్రం తిప్పేవాడు. ముందు కట్టయ్య వీపు ఒక గోడలాగా లీలగా కనబడేది, దాని మీద ఎర్రటి చుక్క. ఆ చుక్కను పట్టుకొని పోయేవాడు. రాత్రి పడుకునే ముందు దేవుడికి దండం పెట్టుకొని, "మా సేటును ఇట్లనే పిరికోన్ని చేసి పెట్టు తండ్రీ" అని మొక్కేవాడు. వేరే సేటయితే మొదటి రోజే దొరికిపోయేవాడు. ఇంత పిరికి మనిషి దొరకడం అదృష్టం కాక మరేమిటి?

అదృష్టమని తెలిసినా వణుకు తగ్గలేదు. ఏ రోజు సేటుకు ధైర్యం వస్తుందో, ఏ రోజు వెనక సీట్లోకి పోయి నోరు మూసుకుంటాడో అని ప్రతి ఉదయమూ భయపడేవాడు. సేటు ఒకసారి తుమ్మి, మాట మధ్యలో ఆగితే ఆ రెండు క్షణాల్లో యాకయ్య చొక్కా తడిసిపోయింది.

ఊరు ఊరుకుంటుందా? మొగిలి అని రిక్షా తొక్కేవాడు రోజూ కారును దాటిపోతూ గంట కొట్టేవాడు. "సేటూ, తాడుంటె కట్టురి, గుంజుకపోత. బేరం మీకు తెలిసినోల్ల లెక్కనే."

"నువ్వు పో మొగిలీ. నెమ్మదిగ పో. నీ చక్రం ఊగుతాంది" అనేవాడు సేటు.

బడికి పోయే పిల్లలు కారుతో పందెం పెట్టుకునేవారు, ఎవరు ఎక్కువ నెమ్మదిగా నడుస్తారని. కారే గెలిచేది. బజారులో పెళ్లిళ్ల వాళ్లు పెండ్లికొడుకును ఊరేగించడానికి అడగవచ్చేవాళ్లు. రాత్రి బరాతు, పెట్రోమాక్సు దీపాలు, ముందు బ్యాండు. "ఇంజనుకు మనసు మంచిగ లేదు" అని పంపేసేవాడు సేటు. ఇద్దరు ముగ్గురు దగ్గరి చుట్టాలు ఆ మాటకు అలిగి ఆయన ఇంట మంచినీళ్లు ముట్టడం మానేశారు. "రెండు గంటల ఊరేగింపుకు కారియ్యడానికి భయమా, పిసినారితనమా" అని భద్రమ్మ ముందే అన్నారు. సేటు తల వంచుకొని, "భయమే" అన్నాడు.

కాశిబుగ్గలో ఒక పొద్దున జరిగింది ఇంకో ముచ్చట. సాలోళ్లు పడుగు సాపిన రోజు. బట్ట నేసే ముందు నిలువు పోగులన్నీ కర్రల మీద వీధి పొడవునా లాగి కట్టి, గంజి పట్టించి ఆరబెడతారు. మూడు ఇండ్లవాళ్ల నెల రోజుల కష్టం ఆ పోగుల మీద ఉంటుంది. దూరం నుంచి చూస్తే గాలి తప్ప మరేమీ ఉన్నట్టుండదు. యాకయ్యకు దగ్గర నుంచి కూడా గాలే. కట్టయ్య, తెలిసిన మనిషి కనబడితే పలకరిస్తూ వెనకబడ్డాడు. ఎర్ర చుక్క లేదు. యాకయ్య గేరు మార్చాడు.

"యాకయ్యా, పడుగు. ఆపు."

కారు ఆగింది. జాలీకీ మొదటి పోగుకూ మధ్య జానెడు. సేటు కారు దిగి, పోగుల ముందు రోడ్డు మీదే గొంతుక్కూర్చున్నాడు. పడుగు చుట్టడం అయ్యేదాకా గంటన్నర అట్లాగే కూర్చున్నాడు. పడుగు యజమాని సారంగపాణి ఎగతాళి చేశాడు. "ఏంది సేటూ, దారం పోగులకు గూడ జడుస్తవా? మా పోగులు మీ బండిని ఏమి చేయవు."

"ఏమో పాణీ. నాకు భయం" అన్నాడు సేటు, చెమట తుడుచుకుంటూ.

యాకయ్య చక్రం పట్టుకొని కూర్చున్నాడు. వేళ్లు విడదీయడానికి చాలాసేపు పట్టింది. జానెడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చొని సమ్మమ్మతో, "సేటు పిరికితనం మూడు ఇండ్లను నిలవెట్టింది" అన్నాడు. సమ్మమ్మ ఆయన వంక వింతగా చూసింది.

*

కొన్న ఏడాదే, చలికాలం మొదట్లో, సేటు ఒక కాగితం తెచ్చి చక్రం ఎదుటి అక్రోటు చెక్క మీద అంటించాడు. "దీన్ని రోజు సూడు యాకయ్యా. మంచి జరుగుతది."

యాకయ్య చూశాడు. మంచులో నల్లటి గుండ్రం, మధ్యలో తెల్లటి మెరుపు, చుట్టూ కిరణాలు, పైన పెద్ద మీసంలాంటి గీత. ఏ దేవుడు అని అడిగితే కండ్లు కనబడని సంగతి బయటపడుతుంది. అడగకుండా ఉంటే తెలియని దేవుడికి మొక్కాలి. రెండు రోజులు భయపడి, మీసాన్ని బట్టి ఐలోని మల్లన్న అని తేల్చుకున్నాడు. అప్పటి నుంచి ప్రతి పొద్దున తలుపు తీయగానే ఆ పటానికి చేయి ఆనించి కళ్లకు అద్దుకునేవాడు. కార్తీకంలో బొట్టు పెట్టాడు. ప్రతి చలికాలం సేటు పాతది తీసి కొత్తది అంటించేవాడు. పాతదాన్ని పారేయడానికి మనసొప్పక యాకయ్య ఇంటికి తీసుకుపోయి, మడిచి, పెట్టెలో పసుపు బట్టలో దాచేవాడు.

ఆయన మొక్కుతుంటే సేటు పక్కకు తిరిగి కిటికీలోంచి బయటికి చూసేవాడు. ఒకసారి మాత్రం, "మొక్కుడు కాదు యాకయ్యా, సూడు" అన్నాడు. యాకయ్య ఇంకాస్త వంగి, ఇంకాస్త భక్తిగా మొక్కాడు. సేటు నిట్టూర్చి, "నడువు. యాకయ్యా, కుక్క" అన్నాడు.

*

1979 మాఘంలో సేటు బావమరిది ఇంట్లో పెళ్లి, జనగామలో. హంబర్ నడకతో పోతే పెళ్లి ముగిసి పిల్లలు పుట్టే వేళకు చేరుతామని బావమరిదే తన అంబాసిడరును పంపాడు. దాన్ని నడిపేది పాతికేళ్లవాడు. సేటు, భద్రమ్మ వెనక కూర్చున్నారు. "యాకయ్యా, నువ్వుగూడ రా. ఒక్కపూట పెండ్లి బువ్వ తిను" అని సేటు యాకయ్యను ముందు కూర్చోబెట్టాడు.

కాజీపేట దాటగానే ఆ పిల్లగాడు తొక్కడం మొదలుపెట్టాడు. నలభై. యాభై. కిటికీ అద్దాలు గడగడలాడాయి. ఎదురుగా లారీ అరుచుకుంటూ వచ్చి పక్క నుంచి పోయింది. యాకయ్య ముందరి పలకను రెండు చేతులా పట్టుకున్నాడు. ఇప్పుడరుస్తాడు సేటు, ఇప్పుడరుస్తాడు, అనుకుంటూ చెవులు వెనక్కి పెట్టాడు. అరవై. ఏదో నల్లటిది రోడ్డుకు అడ్డంగా కదిలింది. బర్రె అయి ఉండాలి. పిల్లగాడు విసురుగా తిప్పాడు. కారు ఒరిగి మళ్లీ లేచింది.

వెనక నుంచి మాట లేదు. సేటు గుండె ఆగిపోయిందేమోనని యాకయ్య వెనక్కి తిరిగాడు. కనబడదు కాబట్టి విన్నాడు.

గురక.

వరంగల్‌లో అందరికంటే పెద్ద భయస్తుడు, గంటకు అరవై మైళ్ల మీద, నోరు తెరుచుకొని, హాయిగా గురక పెడుతున్నాడు. ఇంకో గోతిలో పడి కారు ఎగిరితే కళ్లు తెరిచి, "జర తొక్కు బిడ్డా, ముహూర్తం దాటుతది" అని మళ్లీ పడుకున్నాడు.

"అమ్మా, సేటుకు భయమైతలేదా?" అన్నాడు యాకయ్య.

"ఆయనకు భయమేంది?" అన్నది భద్రమ్మ. "ఎవ్వల బండి ఎక్కినా గిట్లనే వంటడు. మీ బండి ఎక్కినప్పుడే ఏమొస్తదో ఆయనకు. నాకు సమజే కాదు."

యాకయ్యకు సమజయింది. జనగామ వచ్చేలోపల మూడేళ్లూ ఒక్కొక్కటిగా సమజయినాయి. ముందు సీటు. ఎర్ర తువ్వాల. దీపాల వేళ. సేటు గొంతుక్కూర్చున్న పడుగు. సేటుకు తెలుసు. మొదటి రోజు కట్టయ్యకు దండం పెట్టినప్పుడే తెలుసు. అట్లా అనుకోగానే సిగ్గు వచ్చింది, దాని వెనకే పాత భయం పదింతలై వచ్చింది. తెలిసిన తరువాత ఇక తాళం తన చేతిలో ఎట్లా ఉంటుంది? ఆ పెళ్లిలో యాకయ్య విస్తరి ముందు కూర్చొని లడ్డూ అనుకొని నిమ్మకాయ కొరికాడు.

ఇంటికి వచ్చి సమ్మమ్మకు చెప్పాడు. సమ్మమ్మ ఆశ్చర్యపోలేదు.

"సేటుకు తెలుసని నాకు తెలుసు. నువ్వు సేటుకు తెల్వకుండ దాస్తానవ్, సేటు నీకు తెల్వకుండ దాస్తాండు. మధ్యల కట్టయ్య కాల్లు అరుగుతానయ్."

*

తెల్లవారి యాకయ్య దుకాణానికి పోయి, ఎర్రటి దుమ్ము ఆకారం ముందు, ఈసారి పొరబడకుండా, తాళం చెవులు పెట్టాడు.

"ఏంది, బండి మొరాయించిందా?" అన్నాడు సేటు.

"బండి మంచిగున్నది సేటూ. నేనే మంచిగ లేను."

సేటు తాళాల వంక చూశాడు. చేయి చాచలేదు. "తొవ్వల మాట్లాడుదాం తియ్యి. నాకు పొద్దున్నుంచి ఒకటే భయంగున్నది."

"నిన్న అరవై మీద గుర్రు కొట్టినవ్ గద."

"ఆ బండి నాది కాదు. నాకేం భయం?"

"సేటూ, ఇంకెన్ని దినాలు దాస్తవ్?"

"నువ్వు దాసినన్ని దినాలు."

కట్టయ్య మోస్తున్న బస్తాను సగంలో దించి దాని మీద కూర్చున్నాడు. వదులుకోదగ్గ ముచ్చట కాదు.

"ఎరుకైనప్పుడు చెప్పొద్దా?" అన్నాడు యాకయ్య.

"చెప్తే నువ్వు తాళం పట్టుకొని వస్తవని భయం. ఇగో, వచ్చినవ్." సేటు చొక్కా దులుపుకున్నాడు. ముగ్గురూ తుమ్మారు. "ఆ బండిని ఇరవయ్యేండ్లు అట్ల సూసుకున్న మనిషిని నేనేడ తేవాలె? ఇగ ఇను. ఎల్లుండి హనుమకొండ బడిల కంటి శిబిరం ఉన్నది. వ్యాపారుల సంఘమోల్లు పెడతాన్లు. పట్నం నుంచి పెద్ద డాక్టర్లు వస్తాన్లు. నేను సూపిచ్చుకోవాలె. ఒక్కన్ని పోవాలంటె భయం. నువ్వు పక్కన కూసో."

"ఈ భయమన్న నిజమేనా?"

"ఇది నిజమే. సూదంటె నాకు మంచిగనే భయం."

హంబర్ ఆ రోజు కొట్టంలో ఉంది. మొగిలి రిక్షాలో పోయారు. ఆ దూరం అరగంట కంటే తక్కువలో కూడా పోవచ్చని యాకయ్యకు అప్పుడు మళ్లీ గుర్తొచ్చింది. శిబిరంలో సేటు ముందు కూర్చున్నాడు. డాక్టరు కంట్లోకి దీపం వేసి, "మీకు కూడా కొద్దికొద్దిగా మొదలైంది. ఇంకో ఏడెనిమిదేళ్లకు రండి" అన్నాడు.

"అప్పటి ముచ్చట ఇప్పుడే చెప్పి బెదిరియ్యకురి" అని సేటు లేచి, ఆ కుర్చీలో యాకయ్యను కూర్చోబెట్టాడు. యాకయ్య భయంతో సేటు చేయి పట్టుకున్నాడు. మర్నాడు ఆపరేషన్ బల్ల దాకా ఆ చేయి వదల్లేదు. బల్ల దగ్గర నర్సు విడిపించాల్సి వచ్చింది. యాకయ్య చేతిలోంచి సేటు చేతిని విడిపించిందా, సేటు చేతిలోంచి యాకయ్య చేతినా అన్నది ఆమెకే తెలియాలి.

నెల తరువాత ఒక కంటికి సోడాబుడ్డి అద్దం వచ్చింది. యాకయ్య కొట్టం తలుపు తీశాడు. హంబర్ ఆకుపచ్చగా, అంచులు అంచులుగా కనబడింది. ఎడమ తలుపు మీద వెంట్రుకంత గీత ఉంది. ఎప్పుడు పడిందోనని కాసేపు మనసు కష్టపెట్టుకున్నాడు. తరువాత ముందు తలుపు తీసి, అలవాటుగా చేయి చాచి, మల్లన్నను కళ్లకు అద్దుకోబోయి ఆగాడు.

ఎదురుగా పెద్ద కన్ను. కనుగుడ్డు, వెంట్రుకలు, పైన కనుబొమ్మ, దాని మీద తాను పెట్టిన బొట్టు. కింద పెద్ద అక్షరాలు. యాకయ్య కూడబలుక్కొని చదివాడు: "ఉచిత కంటి శిబిరం. కంట్లో పొర వచ్చినవారు తప్పక రావలెను."

మూడు చలికాలాలు. పెట్టెలో పసుపు బట్టలో ఇంకా రెండు కళ్లున్నాయి.

ఇంతలో సేటు, కట్టయ్య వచ్చారు. కట్టయ్య తువ్వాల విప్పుతూ, "ఇగ నాకేం పని?" అన్నాడు దిగులుగా.

"వెనక కూసో" అన్నాడు సేటు.

కట్టయ్య వెనక సీట్లో కాలు మీద కాలేసుకొని కూర్చున్నాడు. ఆరడుగుల మనిషి, తెల్లటి తలపాగా. యాకయ్య అద్దాలు సర్దుకొని, బాగా చూసి, నడుం వంచి, "దండాలు సేటూ" అన్నాడు.

*

ఆ తరువాత హంబర్ కూడా మిగతా కార్లలాగే పోయింది. బరాతులకు పోయింది, అలిగిన చుట్టాలు మంచినీళ్లు తాగారు, భద్రమ్మ ఇంట్లో పులిహోర మళ్లీ మొదలైంది. మొగిలి ఒక్కడే బాధపడ్డాడు, దాటిపోవడానికి ఏమీ మిగల్లేదని. రెండో కంటికి కూడా ఆపరేషన్ అయింది. సేటు మాత్రం ముందు సీటు వదల్లేదు, నోరూ మూయలేదు. "అలవాటైంది, ఊకుంటె నోరు నొస్తాంది" అనేవాడు.

1987లో ఒక పొద్దున సుబేదారి కోర్టు దగ్గర పోతున్నారు.

"యాకయ్యా, బర్రె" అన్నాడు సేటు.

యాకయ్య చూశాడు. ఆ రోజుల్లో ఆయనకు ఫర్లాంగు దూరంలో ఉన్న ఈగ కూడా కనబడేది. రోడ్డు మీద బర్రె లేదు. నల్లకోటు వేసుకొని, చంకలో కాగితాల కట్ట పెట్టుకొని, ఒక లావుపాటి వకీలు గారు రోడ్డు దాటుతున్నారు.

యాకయ్య కారు వేగం తగ్గించాడు.

"సూసిన సేటూ. పెద్దదే."

"ఎడమకు పోనియ్యి. జాగ్రత్త, పొడుస్తదేమో."

"పొడవది. కోర్టుకు పోతాంది" అన్నాడు యాకయ్య.

సేటు అద్దానికి ముక్కు ఇంకాస్త దగ్గరగా ఆనించాడు. యాకయ్య ఆ రోజంతా గేరు పైకి వేయలేదు. పిల్లలు చాలా ఏళ్ల తరువాత మళ్లీ కారుతో నెమ్మది పందెం పెట్టుకున్నారు. సాయంత్రం దీపాలు పెట్టకముందే కారును కొట్టంలో పెట్టేసి, "ఈ నడుమ నాకు చీకటంటె జర భయమైతాంది సేటూ" అన్నాడు.

మర్నాడు సేటు కారెక్కి కూర్చునేసరికి ఆయన సీటు ఎదుట, అక్రోటు చెక్క మీద, ఒక కాగితం అంటించి ఉంది. అప్పుడే తడి ఆరుతున్న జిగురు వాసన. సేటు కళ్లు చిట్లించి చూశాడు. ముక్కు ఆనించి చూశాడు. చేత్తో తడిమి చూశాడు.

"ఏ దేవుడు యాకయ్యా?"

"రోజు సూడు సేటూ. మంచి జరుగుతది."

సేటు రెండు చేతులూ జోడించి మొక్కాడు. తెలిసి మొక్కాడో, తెలియక మొక్కాడో ఆ మొహం చూసి చెప్పడం కష్టం. వెనక సీట్లో కట్టయ్య మాత్రం నిట్టూర్చి, కారు దిగి, ముందుకు నడుస్తూ భుజాన ఎర్ర తువ్వాల కోసం తడుముకున్నాడు.